ఆమె పాట అయ్యేదాకా

"తలుపు తియ్యవయ్యా!"

"తియ్య సార్."

సోమేశ్వరరావు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఆ పెద్ద హోటల్‌కు కాపలా మనుషులను పంపే కంపెనీకి ఆయన మేనేజరు. సిత్రా చమురు ట్యాంకుల దగ్గర్నుంచి గుదైబియా దుకాణాల దాకా ఆయన మనుషులే నిలబడి ఉంటారు. అంతమందిలో ఈ నర్సింగ్ అనేవాడి మొహం ఆయనకు గుర్తులేదు గానీ, ఒంటి మీది యూనిఫాం మాత్రం తమ కంపెనీదే. ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"నేనెవరో తెలుసా?"

"ఎరికె సార్. మేనేజర్ సాబు. జర మెల్లగ మాట్లాడుండ్రి."

"ఏమిటీ?"

"లోపల ఆమె సచ్చిపోతున్నది సార్. గిప్పుడు తలుపు తీస్తె పాపం."

సోమేశ్వరరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యో, అంబులెన్సుకు ఫోన్ చేశారా మరి?"

"ఆటల సార్. నిన్న గూడ సచ్చిపోయింది."

పక్కనే కుర్చీ దగ్గర నిలబడ్డ ఇజాజ్ వచ్చే నవ్వును మింగేశాడు. అతనిదీ అదే యూనిఫాం, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. మేనేజర్‌ను చూడగానే కుర్చీలోంచి లేచినవాడు మళ్లీ కూర్చోలేదు.

ఇటలీ నుంచి వచ్చిన బృందం మూడు రోజులుగా ఆ తలుపు వెనక హాల్లో ఒపేరా ఆడుతోంది. కథంతా పాటలోనే. ఇవాళే ఆఖరు. ఆహ్వానం ఉంది కదా, నలుగురు పెద్దల కంట పడదామని సోమేశ్వరరావు వచ్చాడు. విరామంలో కాఫీకని కిందికి దిగి, ఫోన్లో కబుర్లలో పడి, ఇదుగో ఇప్పుడు తిరిగొచ్చాడు.

"మా కాకినాడ సభల్లో పాట మధ్యలో లేచి కాఫీ తాగొస్తాం. తలుపు మూసిన పాపాన ఎవడూ పోలేదు."

"ఈడ గట్ల గాదు సార్. పాట షురువైతె తలుపు బంద్. ఎవలొచ్చినా గంతే."

నిన్న ఇదే సమయానికి ఒకాయన నర్సింగ్‌ను నెట్టుకుని లోపలికి పోయాడు. తలుపు దభీమని కొట్టుకుంది. వేదిక మీద పాడుతున్నామె ఉలిక్కిపడి ఆగిపోయింది. జనమంతా వెనక్కి తిరిగి నర్సింగ్‌నే చూశారు. హోటల్ వాళ్లు నానా తిట్లూ తిట్టారు. తిట్ల మాట ఎలా ఉన్నా, ఆ పాట మధ్యలో తెగిపోయినందుకు అతనికి రాత్రి అన్నం సహించలేదు. ఇవాళ మాత్రం ప్రాణం పోయినా తలుపు కదలనివ్వనని ఒట్టు పెట్టుకుని నిలబడ్డాడు.

"అరె భాయ్, తీసెయ్," ఇజాజ్ గుసగుసగా బతిమాలాడు. "నీ పుణ్యాన నా నౌకరీ గూడ పోతది."

"నీకేం గాదు ఇజాజ్ భాయ్. నా పేరు జెప్పు. నౌకరీ ఇంకోటి దొరుకుతది. గీ పాట మల్ల దొరుకుతదా? పొద్దుగాల ఆమె ఇమానం ఎక్కిపోతది."

సోమేశ్వరరావుకు ఒళ్లు మండిపోయింది. "నీ మొహానికి అది ఏ భాషో తెలుసా అసలు?"

"తెల్వది సార్. ఏడుపుకు బాషెందుకు? ఆమెను రాజు లొంగమన్నడు. లొంగలె. ఇసం తాగింది. సచ్చుకుంట గూడ గొంతు దించుతలేదు, సూడుండ్రి."

నిజమే. మూసిన తలుపు వెనక ఆ గొంతు ఇంకా ఇంకా పైకి పోతోంది. సోమేశ్వరరావు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. నర్సింగ్ రెండు చేతులూ చాచి తలుపుకు వీపు ఆనించాడు.

"నన్ను నూకి పోండ్రి."

"రేపే నీ సామాన్ కట్టిస్తాను. నువైద్రాత్ లేబర్ క్యాంపులో నీకు మంచం ఉండదు!"

"మంచిది సార్."

అంతలో సోమేశ్వరరావు జేబులో ఫోన్ మోగింది.

"గది బంద్ జేయుండ్రి," అన్నాడు నర్సింగ్, పళ్లు బిగించి.

ఏ కళనున్నాడో, మేనేజర్ గభాలున ఫోన్ నొక్కేశాడు. ఆ తర్వాత తను ఎవరి మాట విన్నాడో గుర్తొచ్చి మొహం కందగడ్డలా చేసుకున్నాడు.

లోపల గొంతు సన్నబడింది. ఇంకా సన్నబడింది. నర్సింగ్ కళ్లు మూసుకున్నాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పాట ఎక్కడా తెగలేదు, దానంతటది అయిపోయింది. తర్వాత హాలు పగిలిపోయేటన్ని చప్పట్లు.

నర్సింగ్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

"సచ్చిపోయింది సార్. ఇగ పోండ్రి."

"ఇంకా పోయేదేమిటి, నా మొహం! కంపెనీ తిండి తింటూ డ్యూటీలో నాకే అడ్డం పడతావా? ఇవాళ్టి డ్యూటీ జీతం నీకు కోత!"

నర్సింగ్ నవ్వాడు. దాచుకోకుండా, హాయిగా నవ్వాడు.

"ఏమిట్రా ఆ నవ్వు?"

"ఇయ్యాల నాకు ఛుట్టీ, సార్."