సాంచెల కాడి మాట

"ఇంకోపారి అనే అమ్మా. మె... టా... స్టా... సిస్."

"మెటా... సిస్."

"నడుమ 'స్టా' మింగుతున్నవ్. హైదరాబాద్ దవాఖానోళ్లు ఫోన్ జేసి అడిగేటాల్లకు నేను డ్యూటీల ఉంట. నువ్వే చెప్పాలె."

వరండాలో నిలబడి సుస్మిత నోరు బాగా తెరిచి, మాటను ముక్కలు చేసి చూపింది. సరోజన కూడా అలాగే పలికింది. అద్దాల తలుపు అవతల మంచం మీద ఆమె భర్త లక్ష్మీరాజం ఇటే చూస్తున్నాడు.

"అంటే ఏంది బిడ్డా?"

"కాన్సర్ లివర్‌కు పాకిందన్నట్టు. బాపుకు చెప్పకు, గుండె పలుగుతది."

"నేనెందుకు చెప్త? తలుపేసే ఉంది, ఇనవడది."

నాలుగైదు సార్లకు మాట కుదిరింది. "గిప్పుడచ్చింది!" అంది సుస్మిత.

అవతల లక్ష్మీరాజం పెదవులు సడి లేకుండా కదిలాయి. మె... టా... స్టా... సిస్.

సరోజనకు అప్పుడు తట్టింది. పెళ్లయిన నాటి నుంచి అతను సాంచెలు నడుపుతుంటే ఆమె పక్కనే కండెలు చుట్టింది. ఆ మరమగ్గాల మోతలో చెవులకు పనేముంది? ఒకరి పెదవులు ఒకరు చూసుకునే మాట్లాడుకున్నారు. అంతా తెలిసీ, అతనికి ఎదురుగా నిలబడి ముక్క ముక్కగా చెప్పింది.

లక్ష్మీరాజం చెయ్యి ఊపి, పని నడుమ రోజూ అడిగే మాటే పెదవులతో అడిగాడు.

"బువ్వ తిన్నవా?"

తిన్నానని అనబోయింది. వణికే పెదవులను కూడా చదివేస్తాడని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.