ఎదురుకాళ్ల వైద్యుడు

"ఓరి గవర్రాజూ, నా మనవడు గోపికి మెడ పట్టేసిందిరా. నీ కాలితో ఓసారి తొక్కు," అంది దేముడమ్మ.

ఎదురుకాళ్లతో పుట్టడమే గవర్రాజు చదివిన వైద్యం. గాజువాకలో పట్టేసిన నడుములన్నీ ఆ పాదానికి మొక్కినవే.

నిరుడే ఉద్యోగం నుంచి రిటైరైన గవర్రాజు కాలెత్తాడు. గోపి ఒళ్లు కాలిపోతోంది. "లైటార్పండి, కళ్లలో గుచ్చుకుంటంది," అని మూలిగాడు.

"గెడ్డం గుండెకి ఆనించరా," అన్నాడు గవర్రాజు.

మెడ వంగలేదు. గవర్రాజు కాలు దించేశాడు. "ఆసుపత్రికి పదండి, బేగి."

"ఏటి, నీతోపాటు నీ కాలూ రిటైరైపోయిందేటి?"

"మా అమ్మాయికీ మెడ ఇలాగే బిగుసుకుపోతే తొక్కాను పెద్దమ్మా. మెదడు పొరలకి జొరమంట. ఒక్కరోజు ముందు సూదిమందు పడితే బతికేదన్నారు."

దేముడమ్మ గోపి చంక కింద చెయ్యి వేసి లేపుతూ, "రెండో పక్క నువ్వు పట్టుకో నాయనా," అంది.