గేటు నుంచి సూది దాకా

ఆ పొద్దున ఆకాశం కురవడమూ లేదు, తెరిపి ఇవ్వడమూ లేదు. అశోక్‌నగర్ మీద బూడిదరంగు ముసురు పట్టి ఉంది.

కడుతున్న హాస్టల్లో ఇసుక తట్టతో మెట్లెక్కుతున్న కురుమమ్మ ఉన్నట్టుండి కూలబడింది. మూతి వంకర పోయింది. కుడిచెయ్యి వేలాడిపోయింది.

ఈరన్న భార్యను ఆటోలో వేసుకున్నాడు. చిక్కడపల్లి చౌరస్తాలో ఆటో ఆగితే డ్రైవరును తిట్టాడు. ముందున్న బస్సును తిట్టాడు.

నారాయణగూడ ఆసుపత్రి గేటులో ఒక మనిషి ఎదురొచ్చాడు. తెల్లకోటు లేదు. చేతిలో అట్ట, పెన్ను.

"ఎన్నింటికి పడిపోయిందండీ?"

"పొద్దుగాల."

"పొద్దున అంటే ఎనిమిదా, తొమ్మిదా?"

"నువ్వు డాక్టర్‌వా?"

"కాదండీ. మేనేజర్ని. పేరు పవన్‌కుమార్. ఆసుపత్రి నడపడానికీ ఒక చదువుంది, అది చదివాను."

"నడుపనీకి ఇదేమన్న బస్సా?"

"టైము చెప్పండి, దయచేసి."

"ఎనిమిదిన్నర. మేస్త్రీ అప్పుడే వచ్చిండు."

అతను వాచీ చూసి రాసుకున్నాడు. స్ట్రెచర్ వెంట నడుస్తూ లిఫ్టు దగ్గర రాశాడు. స్కానింగు గది ముందు రాశాడు. డాక్టరు దిగి వస్తే అదీ రాశాడు.

ఈరన్నకు ఒళ్ళు మండింది.

"ఆడ మనిషి సగం సచ్చింది. నువ్వు గడియారం జూస్తున్నవ్. సిగ్గు లేదు?"

అట్ట గుంజి విసిరికొట్టాడు.

పవన్‌కుమార్ వంగి కాగితాలు ఏరుకున్నాడు. మళ్ళీ వాచీ చూశాడు.

నాలుగో రోజు కురుమమ్మ కుడిచేత్తో నీళ్ళ గ్లాసు ఎత్తింది. ఈరన్న పోయి పెద్ద డాక్టరు సూర్యప్రకాశరావు కాళ్ళకు మొక్కాడు.

"మా మేనేజరు నిన్ను సతాయించాడట కదా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"అవ్ సారు. మందియ్యడు, సూదియ్యడు. రాసుడే రాసుడు."

"మమ్మల్నీ అంతే. ఎవరెన్నింటికి వచ్చామో రాస్తాడు. తను డాక్టరు కూడా కాదు." ఒక కాగితం ముందుకు జరిపాడు. "ఇది నీ ఫిర్యాదు. సంతకం పెట్టు."

ఈరన్న చదవలేదు. కసిదీరా నొక్కి పెట్టాడు.

నెలకు మళ్ళీ చూపించుకోవడానికి వచ్చారు. కౌంటరు ముందు వరుస గేటు దాకా ఉంది. బెంచీ మీద రాంనగర్ హమాలీ ఓదెలు, అతని తల్లి ఎంకమ్మ. ఆమె మూతి వంకరగానే ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది.

"పోయిన వారం పడ్డది. గంటలనే తెచ్చిన అన్నా," అన్నాడు ఓదెలు. "ముందుగాల కార్డు అన్నరు. స్కానింగుల మంది ఉన్నరన్నరు. డాక్టర్ వచ్చేసరికి నాలుగు గంటలు గడిచినయ్, గడ్డ కరిగించే సూది టైము దాటిందన్నరు. ఇగ ఇంతేనట."

ఈరన్న నర్సు విద్యావతి మీదికి పోయాడు.

"నా పెండ్లానికి లేని లైను ఈమెకెందుకు పెట్టిండ్రు?"

ఆమె కట్టుగుడ్డ కత్తిరిస్తూనే చెప్పింది.

"మొదట్నుంచీ ఉన్నదే. ఆ మేనేజర్ సారు తీసేయించాడు. ఇలా పక్షవాతంతో పడిపోయిన మనిషి గేట్లోకి రాగానే స్కానింగు గది ఖాళీ చెయ్యాలి, డాక్టరు కిందికి రావాలి, కార్డు తర్వాత. ఎక్కడ ఆలస్యమైందో రాసుకుని మర్నాడు అక్కడ కొట్లాడేవాడు. గేటు నుంచి సూది దాకా రెండు గంటల పైనే పట్టేది. నీ భార్యకు ముప్పై అయిదు నిమిషాలు పట్టింది."

"ఆ సారేడి?"

"నువ్వు సంతకం పెట్టావుగా. మర్నాడే పంపించేశారు."

ఈరన్న పిడికిలి బిగించి పెద్ద డాక్టరు గది దాకా పోయాడు. తలుపుకు గొళ్ళెం ఉంది. పదకొండున్నర దాటింది. ఆయన ఇంకా రాలేదు. ఎన్నింటికి వస్తాడో రాసేవాడు లేడు.

తలుపును ఒక్క తన్ను తన్ని దిగి వచ్చాడు.

కురుమమ్మ బెంచీ మీద టిఫిన్ విప్పింది. పప్పన్నం మెత్తగా కలిపింది. ఓదెలు చేతిలో ఒక ముద్ద పెట్టింది. ఈరన్న చేతిలో ఒకటి పెట్టింది. తనొకటి తిన్నది.

మరో చిన్న ముద్ద చేసి, కుడిచేత్తో ఎంకమ్మ నోటికి అందించింది.

నలుగురూ తిన్నారు.