వెల్మా సీటు

వెల్మా ఒంటరిగా చనిపోయింది. తప్పంతా రోడ్డు మీద మంచు తోసేవాడిది.

ఇందులో వాదించడానికేమీ లేదు ఆర్విడ్ హోల్మ్‌కి. జనవరిలో మంచు తుపాను ముంచుకొచ్చిన రోజు భార్యను ఆసుపత్రిలో చేర్చి, పశువులకు మేత వేసి వద్దామని ఇంటికెళ్ళాడు. అతని వెనకే దారి మంచుతో మూసుకుపోయింది. మంచు తోసే లారీ రాలేదు. దారి తెరుచుకునేసరికి వెల్మా లేదు.

మార్చిలో గ్రేంజర్ ఊరికి ఫుట్‌బాల్ జట్టు వచ్చింది.

చిన్న లీగే. బంతిని చేత పట్టుకుని పరిగెత్తే మన ఆటే, కాకపోతే కప్పు కింద, పొట్టి మైదానంలో. మంచుగడ్డ మీద హాకీ ఆడే హాల్లో, ఆ గడ్డ మీదే పచ్చటి తివాచీ పరిచారు. జట్టుకు ‘వడగళ్ళు’ అని పేరు పెడితే, వడగళ్ళకు పంట పోగొట్టుకున్న రైతులు కూడా నవ్వారు.

అంతకుముందు ఏడాది, మన ఊరిని లీగులో చేర్చుకున్నారని తెలిసిన రోజే వెల్మా పరుగెత్తుకెళ్ళి మొదటి వరుసలో రెండు సీట్లు కొంది. ఆర్విడ్ టికెట్టు ఆర్విడ్‌కిచ్చి, తనది తన సంచిలో దాచుకుంది.

మొదటి ఆటకు ఆర్విడ్ ఒక్కడే వెళ్ళాడు. కొన్న వస్తువు పారేయడం అతనికి చేతకాదు.

పక్క సీట్లో ఎవడో కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి.

“అది మా ఆవిడ సీటు.”

అతను టికెట్టు తీసి చూపించాడు. నంబరు అదే.

“చచ్చిపోయినవాళ్ళ సీటు కూడా మళ్ళీ అమ్ముకుంటున్నారన్నమాట!”

“ఆవిడ లేవమంటే లేస్తానండీ.”

“ఎగతాళా?”

“అయ్యో, కాదండీ.”

అంటూనే కోటులోంచి పాత తివాచీ ముక్క తీసి ఆర్విడ్ కాళ్ళ కిందికి తోశాడు. కింద మంచు కదా, మొదటి వరుసలో పాదాలు కొయ్యబారిపోతాయి. హాకీ రోజుల్లో ఆ పని వెల్మా చేసేది.

“నా కాళ్ళ గొడవ నీకెందుకయ్యా?”

“కుడికాలే కదండీ, చలికి ఓర్చుకోలేనిది?”

కుంటడం చూశాడు కాబోలు అనుకున్నాడు ఆర్విడ్. కాళ్ళు మాత్రం తీయలేదు.

హాకీకి అద్దం అడ్డం ఉండేది. దీనికి నడుమెత్తు మెత్తటి గోడ ఒక్కటే. పాత అలవాటు కొద్దీ ఊరంతా వేడి కాఫీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికే ఒక ఆటగాడు గోడ దాటి ఎగిరొచ్చి ముగ్గురి కాఫీల మీద పడ్డాడు.

“కాఫీకి మనిషి ఉచితమని ముందే చెప్పొచ్చుగా!” అని వెనక వరుసలోంచి దాణా కొట్టు గస్ అరిచాడు.

ఆర్విడ్ నవ్వాడు. జనవరి తర్వాత అదే మొదటిసారి. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపం తీసుకెళ్ళి మంచు తోసేవాడి మీద పోశాడు.

“ఎక్కడో వెచ్చగా కూర్చుని కాఫీ తాగుతూ ఉంటాడు వెధవ. నా పెళ్ళాం దిక్కులేకుండా పోయింది.”

పక్కవాడు మైదానం వైపే చూస్తూ అన్నాడు.

“రావాల్సిందండీ వాడు. రాలేకపోయాడు.”

“వెనకేసుకొస్తున్నావా?”

“లేదండీ. తిట్టండి.”

సీజనంతా అదే వరస. ఆర్విడ్ తిట్టేవాడు, అతను వినేవాడు. ‘వడగళ్ళు’ గెలుస్తుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. అతను మాత్రం కుడిచేత్తో గోడను బాదేవాడు.

ఒకరోజు బంతి జనంలోకొచ్చింది. పట్టుకున్నవాళ్ళదే బంతి, అది ఈ లీగు ఆచారం. అతను ఒంటిచేత్తో పట్టి ఆర్విడ్ ఒళ్ళో పెట్టాడు.

“నేనేమన్నా పిల్లాణ్ణా?” అన్నాడు ఆర్విడ్.

“ఉంచండి. ఆవిడకి నచ్చేది.”

ఆర్విడ్ దాన్ని ట్రక్కులో పడేశాడు.

తర్వాతి ఆటకు పక్క సీటు ఖాళీగా ఉంది. కాళ్ళు చల్లబడుతున్నాయి. ఆర్విడ్ గొణుక్కుంటూ లేచి, గేటు దగ్గర టికెట్లు చూసే రమోనా దగ్గరికెళ్ళాడు.

“నా పక్కన కూర్చుని గోడ బాదేవాడు, ఏడి?”

“డ్వేనా? మా తమ్ముడండీ.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “గురువారం పోయాడు. జనవరిలో తగిలిన దెబ్బకి ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడలేదు.”

“జనవరిలో దెబ్బేంటి?”

“మీకు చెప్పనేలేదా? మంచు తోసే లారీ వాడిదేనండీ. మీ రోడ్డు తెరవడానికే వస్తూ కాలవలో పడ్డాడు. ఎడమచెయ్యి అప్పుడే పోయింది.”

ఆర్విడ్ తలమీది టోపీ తీశాడు.

“చెప్పెయ్యరా అని ఎన్నిసార్లన్నానో. ‘తిట్టుకోడానికి ఆయనకొకడు ఉండాలక్కా, ఉండనీ’ అనేవాడు.”

“మరి... టికెట్టు?”

“మీ ఆవిడే ఇచ్చింది. ఆ రోజు ఆసుపత్రిలో మంచాలు చాలక ఇద్దరినీ ఒకే గదిలో, తెర అడ్డం పెట్టి పడుకోబెట్టారు. వాడు తెర లాగేసి, ఉన్న ఒక్క చెయ్యీ ఆవిడ చేతికిచ్చాడు. చివరిదాకా ఈ జట్టు కబుర్లేనట. ‘ఒక్కడే అయితే మా ఆయన మొహం మాడ్చుకుని కూర్చుంటాడు, నువ్వెళ్ళు బాబూ, కాళ్ళ కింద ఏదన్నా వెయ్యి’ అందట. నవ్వుతూనే పోయిందండీ మహాతల్లి.”

ఆర్విడ్ ట్రక్కు దగ్గరికెళ్ళాడు. బంతి తెచ్చి వెల్మా సీట్లో పెట్టాడు. దాని పక్కన కూర్చుని, కుడిచేత్తో గోడను బాదడం మొదలుపెట్టాడు.

“ఏరా ఆర్విడ్,” వెనకనుంచి గస్ వంగాడు, “ఇవాళ మంచు తోసేవాణ్ణి తిట్టవేం? వెల్మా ఒంటరిగా...”

“ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు,” అన్నాడు ఆర్విడ్. “నేనూ ఎత్తను.”