సాపు ప్రతి

“షరతు పెట్టి వేస్తే అది నా పుస్తకం ఎలా అవుతుంది?” అంటూ ఆయన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. “మనమే వేసుకుందాం, సొంతంగా.”

ఆవిడ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

“ఏం షరతు?”

“ఏదో ఒకటిలే. నాకు కుదరదు.”

“డబ్బులడిగారా?”

“లేదు.”

“పేరు మార్చమన్నారా?”

“నీకెందుకే ఆ గొడవ? కుదరదన్నానుగా.”

ముప్పై ఏళ్లు అంబులెన్స్ నడిపిన మనిషి. ఎదురొచ్చిన లారీలే పక్కకు తప్పుకున్నాయి గానీ ఆయన తప్పుకున్నది లేదు. పట్టిన పట్టు వదలడని ఆవిడకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. అయినా ఈ పట్టు మాత్రం అంతుపట్టలేదు. రిటైరయ్యాక మూడేళ్లు కూర్చుని తన డ్రైవరు బతుకంతా రాశాడు. నలుగురు ప్రచురణకర్తలు కట్ట విప్పకుండానే తిప్పి పంపారు. ఈ అయిదోది చిన్న సంస్థే. ఒక గది, ఒక ఎడిటరు, ఏడాదికి నాలుగు పుస్తకాలు. అయితేనేం, వాళ్ల పుస్తకాలు షాపు అద్దాల వెనక కనిపిస్తాయి. ఆ అద్దాల ముందు ఆగి, “ఇదిగో, ఈ మూల ఖాళీ నాదే” అని ఎన్నిసార్లు చూపించాడో. ఇప్పుడు వాళ్లు వేస్తామంటే ఈయన వద్దంటున్నాడు.

“సొంతంగా వేసుకుంటే ఎవరు కొంటారండీ? సంచి భుజానేసుకుని గుమ్మం గుమ్మం తిరుగుతారా?”

“తిరుగుతాను. ముప్పై ఏళ్లూ తిరగడమేగా నా పని.”

“చేతి చమురు వదులుతుంది.”

“వదలనీ.”

ఆవిడ అసలు భయం చమురు గురించి కాదు. ఆ భయం నోరు తెరిచి చెప్పుకునేదీ కాదు.

ఆయన చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. చిత్తుగా రాసి పడేస్తే, గుండ్రటి అక్షరాలతో సాపు ప్రతి రాసింది ఆవిడే. పది అధ్యాయాలు, చివర ఒక ముగింపు. పదో అధ్యాయం సాపు చేసిన మధ్యాహ్నం ఎందుకో పెన్ను ఆగలేదు. పుస్తకం నిండా ప్రమాదాలు, ఆస్పత్రులు, ఎర్రదీపాలు. డ్యూటీకెళ్లిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఒకతి ఉంటుందన్న మాటే ఎక్కడా లేదు. దూరంగా సైరన్ వినిపిస్తే అది ఆయన బండేనా అని చెవులు రిక్కించడం, ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి రాకపోవడం, అవన్నీ ఆవిడ రాసింది. తొమ్మిది పేజీలయ్యాయి. పదకొండో అధ్యాయమని పైన అంకె వేసి, ముగింపుకు ముందు కలిపి కుట్టేసింది. “నీ అక్షరంలో చూసేదేముంది” అని ఆయన చదవకుండానే పోస్టు చేశాడు.

సంస్థవాళ్లయితే అచ్చుతప్పులు వాళ్లే చూసుకుంటారు. ఆయన కంటబడేసరికి పుస్తకం అచ్చయిపోయి ఉంటుంది. అప్పుడు తిట్టినా పడుతుంది. సొంతంగా వేసుకుంటే అక్షరం అక్షరం ఆయనే చూడాలి. చూస్తే ఒక్క గీతతో కొట్టేస్తాడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తనకోసం రాసుకున్నవి ఆ తొమ్మిది పేజీలే.

“పోనీ, ఆ ఎడిటరుతో నేను మాట్లాడి చూడనా?”

“వద్దు.” ఆయన గొంతు పెరిగింది. “నువ్వసలు అటు వెళ్లనే వద్దు.”

మర్నాడే వెళ్లి సాపు ప్రతి వెనక్కి తీసుకుని, అట్నుంచి అటే ప్రెస్సులో ఇచ్చొచ్చాడు. ఉత్తరం మాత్రం ఆయన్ని వదల్లేదు. చొక్కా విడిచేముందు తనే తీసి, మరో చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

రెండు వారాలు తిరిగేసరికి ప్రూఫులొచ్చాయి. “ప్రతి పేజీ మీరు చూసి సంతకం పెడితేనే మిషనెక్కిస్తాను” అని ప్రెస్సాయన ఖరాఖండీగా చెప్పి వెళ్లాడు.

ఆయన కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని ఎర్రపెన్ను తీశాడు. ఆవిడ వంటింట్లోంచి కాగితాల చప్పుడే వింటోంది.

“మొదటి అధ్యాయంలో రెండు పేజీలు కొట్టేశాను. ఒట్టి సోది” అన్నాడు.

ఆవిడ పొయ్యి తగ్గించి గుమ్మంలోకి వచ్చింది. తన రాతనే కనికరించనివాడు ఇంకొకరి రాతను ఉంచుతాడా?

“ఎన్నోది చూస్తున్నారు?” అని మధ్యాహ్నం అడిగింది.

“తొమ్మిది.”

“మిగతావి రేపు చూసుకోకూడదూ? కళ్లు మండుతాయి.”

“నా కళ్లకేం, బానే ఉన్నాయి.”

ఆవిడకు కాలు నిలవలేదు. ఎప్పుడో ఆరిపోయిన బట్టలను తీసి మళ్లీ ఆరేసింది. ఇంతలో లోపల కాగితం తిరిగే చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపైనా మళ్లీ వినిపించలేదు.

“ఏమే, ఇలా రా.”

కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. ఆయన ఒళ్లో ఉన్నది పదకొండో అధ్యాయమే.

“కాసిని మంచినీళ్లివ్వు” అన్నాడు, తలెత్తకుండా.

ఆవిడ నీళ్లు తెచ్చేసరికి ముగింపులోకి వెళ్లిపోయాడు. సాయంత్రానికి సంతకాలన్నీ అయ్యాయి.

ఆయన స్నానానికి వెళ్లగానే ఆవిడ గబగబా తిరగేసింది. పదకొండో అధ్యాయంలో ఒక్క ఎర్రగీత లేదు. తొమ్మిది పేజీలకూ తొమ్మిది సంతకాలున్నాయి. కునికిపాట్లు పడుతూ గీకేసి ఉంటాడు. బతికానురా దేవుడా అనుకుంది. నవ్వు కూడా వచ్చింది. ఇంతటి మొండిమనిషికీ నిద్ర ముంచుకొస్తుంది మరి.

విడిచిన చొక్కా ఉతకడానికి తీసి, అలవాటుగా జేబు తడిమింది. నాలుగు మడతల ఉత్తరం చేతికి తగిలింది. ఈసారి తీయడం మర్చిపోయినట్టున్నాడు. ఇంత దూరం తెచ్చిన ఆ షరతేమిటో చూద్దామని విప్పింది.

పుస్తకం చాలా బాగుందట. ఈ ఏడాదే వేస్తారట. అట్టమీది బొమ్మ కూడా అనుకున్నారట. కింద, ఎడిటరు సంతకానికి ముందు, ఇంకొక్క వాక్యం ఉంది.

“పదకొండో అధ్యాయం ఒక్కటి తీసెయ్యండి, చాలు.”