ఖిడ్కీ ఒప్పందం

"ఆడపిల్ల బి.ఏ. చదువుడే ఎక్కువ. మళ్ల గా దేశాల లొల్లి నీకెందుకే?" అన్నాడు వైకుంఠం, కండువా దులిపి భుజాన వేసుకుంటూ.

ఏ దేశం ఏ దేశంతో ఎందుకు చేతులు కలుపుతుందో, ఎందుకు కత్తి దూస్తుందో చెప్పే పాఠం బి.ఏ.లో ఉందని తెలిసినప్పటి నుంచి ఆండాలుకు కంటి మీద కునుకు లేదు. దరఖాస్తుకు రేపే ఆఖరు.

"రాజ్యాల నడుమ రాజీ ఎట్ల చేస్తరో నేర్పుతరు బాపూ," అంది మెల్లగా.

వంటింట్లోంచి తల్లి కాశమ్మ అందుకుంది. "మస్తు చెప్పొచ్చింది! ముందుగాల నాకూ, పక్కింటి షౌకత్ బీకీ రాజీ చెయ్యమను, చూస్త!"

వైకుంఠం ముఖం వెలిగిపోయింది. "గదే షరతు! పొద్దుగూకే లోపల ఆ ఖిడ్కీ తెరిపియ్యి. దరఖాస్తు మీద దస్తఖత్ చేస్త."

హుస్సేనీ ఆలంలో ఆ రెండిళ్లకూ ఒకటే గోడ. ఆడవాళ్లు గల్లీలోకి రాకుండానే వచ్చిపోయేందుకు ఆ గోడలో చిన్న తలుపు. అదే ఖిడ్కీ. షౌకత్ బీ కోళ్లు వడియాలు తొక్కాయని కాశమ్మ, కాశమ్మ విసిరిన చెంబుకు కోడి కుంటిదైందని షౌకత్ బీ గల్లీ అదిరేలా అరుచుకుని, ఎవరి వైపు వాళ్లు గొళ్లెం బిగించారు.

ఆండాలు ఓణీ చెంగు దోపుకుని పరుగెత్తింది.

"ముందు మీ అమ్మ తియ్యాలె బేటీ," అంది షౌకత్ బీ.

"ముందు ఆమెనే తియ్యాలె," అంది కాశమ్మ.

"అయితే ఇద్దరూ ఒక్కపారే తియ్యుండ్రి!" ఆండాలు మిద్దెక్కి, రెండు వాకిళ్లూ కనపడేలా నిలబడి చప్పట్లు కొట్టింది. గొళ్లేల మీద రెండు చేతులున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"చూడు, ఆమె తియ్యలే!" అంది కాశమ్మ.

"నువ్వు తీసినవా మరి?"

కింద వైకుంఠం పడీపడీ నవ్వాడు. "జెనీవాల కూసున్న దొరలతోనే రాజీ అయితలేదు బిడ్డా! దిగిరా!"

గోడ నీడ వాకిలంతా పరుచుకుంది. అంతలో ఏదో తట్టి, ఆండాలు ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది.

"ఎవరి గొళ్లెం వాళ్లు తియ్యొద్దు! అమ్మా, నువ్వు షౌకత్ ఖాలా ఇంటికి పోయి ఆమెది తియ్యి. ఖాలా, మీరొచ్చి మాది తియ్యుండ్రి!"

ఆడవాళ్లిద్దరూ ఒక్క క్షణం ఆలోచించారు. సొంత గొళ్లెం తీసిన అవమానం ఇద్దరికీ లేదు.

కాశమ్మ కొంగు కప్పుకుంది. షౌకత్ బీ బురఖా వేసుకుంది. గల్లీలో ఎదురుపడి, చెరో గోడ చూస్తూ దాటిపోయారు. రెండు గొళ్లేలు కిర్రుమన్నాయి. ఖిడ్కీ బార్లా తెరుచుకుంది!

వైకుంఠం దస్తఖత్ చేశాడు. దరఖాస్తు గుండెకు హత్తుకుని ఆండాలు గంతులేస్తూ అమ్మ దగ్గరికి పరుగెత్తి, ఖిడ్కీ ముందు ఠక్కున ఆగిపోయింది.

ఖిడ్కీలోంచి తన వాకిట్లోకి దాటిన షౌకత్ బీ, కాశమ్మ చెవిలో గుసగుసలాడుతోంది. "మా పిల్ల ఖైసర్ గూడ కాలేజీకి పోతనంటే వాళ్ల అబ్బాజాన్ వద్దంటున్నడు. కోళ్ల లొల్లి పనిచేసింది. ఈపారి లొల్లి దేని మీద పెట్టుకుందం అక్కా?"