నీళ్ళు కాదు

పొద్దున్నే లేచి చూసేసరికి అక్వేరియంలో చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

వెల్డరు అద్దం మీద వేలితో తట్టి చూశాడు. రాత్రి మేత వేస్తే ఎగబడి తిన్న చేపలవి. పాప పుట్టినరోజని కొన్నాడు. కింద ఇనప స్టాండు తన చేత్తోనే అతికాడు. పాప ఇంకా లేవలేదు. లేస్తే ఏం చెప్పాలి?

అడుగున నారింజరంగు చేప ఒకటే నోరు తెరిచి మూస్తోంది.

"నాకు తల పగిలిపోతోంది. వాంతి వచ్చేలా ఉంది," అంది భార్య, గోడకి ఆనుకుని.

"నీ తలనొప్పి తర్వాత. ముందు దీని సంగతి చూడనీ."

తన గొంతూ మండుతోంది. రోజూ వెల్డింగ్ పొగ మింగే మనిషికి అదొక లెక్కా? ఇంట్లో ఏదో కుళ్ళు వాసన. చచ్చిన చేపలదే అనుకున్నాడు.

నీళ్ళలో వేలు పెట్టి చూశాడు. మేత డబ్బా వాసన చూశాడు. నీళ్ళు వడకట్టే స్పాంజి పిండి చూశాడు. ఏ తప్పూ దొరకలేదు. చేపల షాపతనికి ఫోన్ చేశాడు.

"సగం నీళ్ళు మార్చండి సార్. గాలి మోటారు గట్టిగా పెట్టండి."

సగం నీళ్ళు మార్చాడు. మోటారు పెంచాడు. ఆ బుల్లి మోటారు గదిలో గాలినంతా పీల్చి బుడబుడమని నీళ్ళలోకి వదిలింది. ఉన్న ఒక్క చేపా గిలగిల తన్నుకుని తిరగబడింది.

వెల్డరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తప్పు వస్తువుది కాకపోతే మనిషిది అయితీరాలి.

"వాడే ఏదో కలిపాడు!"

"ఎవడు?"

"ఇంకెవడు? పిల్లి!"

పిల్లి అంటే వరండా చివరి గదిలోకి భార్యతో కొత్తగా వచ్చిన మనిషి. నోట్లో నాలుక లేనివాడు. వస్తూ పోతూ వీళ్ళ కిటికీ దగ్గర ఆగి చేపల్ని కళ్ళార్పకుండా చూస్తాడు. అందుకని వరండా అంతా కలిసి ఆ పేరు పెట్టింది. "ఇంకోసారి తొంగిచూశావో, కళ్ళు పీకేస్తా!" అని వెల్డరు మొన్ననే కాలరు పట్టుకుని చెప్పాడు. కాలరు పట్టుకున్నంతసేపూ ఆ మనిషి చేపల్నే చూశాడు.

ఇప్పుడు కిటికీ అవతల ఆ మొహమే కనిపించింది. తేలుతున్న చేపల్ని చూసి పాలిపోయింది.

తలుపు దబదబా మోగింది. గడియ తీయగానే అతను తోసుకుని లోపలికి వచ్చాడు.

"మోటారు ఆపండి! నీళ్ళు కాదండీ... నీళ్ళు కాదు! కిందింటికి టేపు వేసుంది! పాప ఏదీ?"

"మా పాప నీకెందుకురా?"

అతను మోటారు వైరు పీకి పారేశాడు. పడగ్గదిలోకి పరిగెత్తి, నిద్రలో ఉన్న పాపను దుప్పటితో సహా భుజాన వేసుకున్నాడు.

"మీరూ బయటికి రండమ్మా!" అని భార్య చెయ్యి పట్టి లాగాడు.

అంతే, వెల్డరుకు ఒళ్ళు తెలియలేదు. స్టాండు చేయగా మిగిలిన ఇనప కడ్డీ తలుపు వెనకే ఉంది.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. అతను పాపను వదల్లేదు.

రెండోది మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. పాపను రెండో చేతికి మార్చుకుని, పడుతూ లేస్తూ వరండాలోకి పరిగెత్తాడు.

"పాపను ఎత్తుకుపోతున్నాడు! పట్టుకోండి!"

వరండా పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. చెప్పు, చీపురు, కుక్కర్ మూత, చేతికి ఏది దొరికితే దాంతో బాదారు. అందరూ మంచివాళ్ళే. ఏం జరిగిందని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మెట్ల దగ్గర వెల్డరు కడ్డీ తలకు తగిలింది. నెత్తురు గోడ మీదికి చిమ్మింది.

కూలిపోతూ కూడా అతను పాపను నేలకు తగలనివ్వలేదు. తాను వెల్లకిలా పడి, బిడ్డను గుండెల మీదే ఉంచుకున్నాడు.

"గాలి... పాపకి గాలి తగలనివ్వండి."

ఆ మాటకి డొక్కలో ఇంకో తన్ను పడింది.

వెల్డరు పాపను లాక్కున్నాడు. తల వాలిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. భళ్ళున కక్కింది. వెనక గడపలో భార్య కుప్పకూలింది.

కడ్డీ వెల్డరు చేతిలోంచి జారి, మెట్ల మీద మోగుకుంటూ పోయి కిందింటి తలుపు దగ్గర ఆగింది. పాపను ఎత్తుకుని దిగుతూ వెల్డరు అప్పుడు చూశాడు. ఆ తలుపు సందులన్నిటికీ టేపు అంటించి ఉంది.

"నల్లులు చావాలని కిందింటివాళ్ళు విషం బిళ్ళలు పెట్టి, ఇల్లంతా మూసేసి ఊరెళ్ళారట," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "ఆ విషపు గాలి పైపు సందుల్లోంచి మీ ఇంట్లోకి ఎక్కింది. మీ ఇద్దరికీ పెద్దగా భయం లేదు. పాప మాత్రం ఇంకాసేపు ఆ గదిలో ఉంటే మీకు దక్కేది కాదు. బయటికి తెచ్చిందెవరు?"

వెల్డరు పక్కకి చూశాడు. అవతలి గదిలో ఆ మనిషి మొహం మీదికి దుప్పటి లాగుతున్నారు.

బయట బల్ల మీద ఆ చనిపోయిన మనిషి భార్య కూర్చుని ఉంది. పోలీసులు వచ్చేలోగా వెల్డరు వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

"నన్ను చంపెయ్యమ్మా."

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"మీ పాప లేచిందా?"

"లేచిందమ్మా. చేపలేవీ అని అడిగింది."

అంతవరకూ రాయిలా ఉన్న ఆమె భోరుమంది. వెల్డరు తలెత్తలేకపోయాడు.

"ఆయనకెలా తెలిసిందమ్మా? రోజూ అంతసేపు చూసేవారు... చేపలంటే అంత ఇష్టమా?"

"ఇష్టం కాదు, భయం," అంది ఆమె, కొంగుతో కళ్ళు ఒత్తుకుని. "బతికున్నాయని చూసుకుంటేగానీ ముందుకు కదిలేవారు కాదు. మాకూ ఒక తొట్టి ఉండేది. పాపా ఉండేది. నేను ఊళ్ళో లేని రోజున, పక్కింటికి ఇలాగే టేపు వేసి ఉన్నప్పుడు, చేపలన్నీ చచ్చిపోయాయి."

"అప్పుడు?"

"మా ఆయన నీళ్ళు మార్చి, మోటారు పెంచి, పాప చూస్తే ఏడుస్తుందని లేపకుండా పనికి వెళ్ళిపోయారు."